ఉప్పు లేని ఆదివారాలు

మా ఆయనకి ఉక్కు ఫ్యాక్టరీలో పని వచ్చి, కూర్మన్నపాలెం దగ్గరి క్వార్టర్‌కి మేము సామాను తరలించిన రోజున, లారీకెక్కించే మనిషి రెండు ఇటుకలు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయాడు. అవి పాత ఇటుకలు. అంచులు అరిగిపోయి, పాత చీర పేలికలు చుట్టి ఉన్నాయి.

"ఏటి బాబూ, ఉక్కు ఫ్యాక్టరీ కట్టేకాడ ఇటికలు దొరకవనుకున్నారేటి?" అని మా ఆయన్ని అడిగాడు.

"అవి మంచానివి. మంచంతో పాటే ఎక్కించు" అన్నాడు మా ఆయన.

"మంచానికి నాలుగు కాళ్ళు సాల్లేదేటి?"

మా అత్త అప్పటికే లారీలో డ్రైవరు పక్కన కూర్చుని ఉంది. అక్కడినుంచే, "సాల్లేదురా. మా కోడలు తల కొండమీదెట్టుకుని పడుకుంటాది. మాటలాపి ఎక్కించు" అంది.

ఆ ఇటుకలు ఇప్పటికీ నా మంచం తలవైపు కాళ్ళ కింద ఉన్నాయి. అవి ఎందుకున్నాయో చెప్పాలంటే, క్వార్టర్‌కి రాకముందు పట్నంలో మేమున్న పాత ఊరి సందు గురించి చెప్పాలి. అది డెబ్బయ్యవ దశకం చివరి మాట. మా ఆయన అప్పుడు పోర్టు గోడౌనులో షిఫ్టు డ్యూటీ చేసేవాడు.

మాది సబ్బవరం దగ్గర పల్లె. నన్ను బడికి పంపలేదు. తాతయ్య అరుగు మీద ఇసక పోసి ఇంట్లోనే అక్షరాలు దిద్దించాడు. అక్షరాలతో పాటే కేశవ నామాలు నేర్పాడు. లెక్కలు మాత్రం సరిగ్గా రాలేదు. నామాలు మిగిలాయి. అవి నాకు ఏ విధంగా పనికొస్తాయో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

పాత ఊళ్ళో మా ఇల్లు రెండు గదులు. పక్కింట్లో ఇత్తడి సామానుకి కళాయి పోసే సాయిబు, ఆయన భార్య ఉండేవారు. ఆవిణ్ణి సందంతా బూబమ్మ అనే పిలిచేది. నేనూ అలాగే పిలిచాను. మధ్యలో గోడ ఉన్నా, వాళ్ళ కొలిమి తిత్తి ఊదే చప్పుడు మా ఇంట్లో గడియారంలా వినిపించేది.

పాప పుట్టాక మా అత్త నాకు నడికట్టు కట్టింది. బాలింతకి పొట్ట చుట్టూ పాత నేతచీర బిగించి కట్టడం మా వైపు ఆనవాయితీ. ఆవిడ మోకాలు నా నడుముకి తన్నిపెట్టి మరీ లాగేది. కొన్నాళ్ళకి నాకు టైఫాయిడ్ వచ్చింది. ఒళ్ళు కాలిపోతుంటే కట్టు ఎవరు ఉంచుతారు, తీసేశారు. జ్వరం తగ్గింది కానీ నేను మునుపటి మనిషిని కాలేకపోయాను.

పడుకుంటే ఏమీ లేదు. కూర్చుంటే పరవాలేదు. లేచి నిలబడితే చెవుల్లో సముద్రం హోరెత్తేది. మెడ వెనక నుంచి భుజాల దాకా ఎవరో తడిబట్టల మూట పెట్టినట్టు నొప్పి. కళ్ళ ముందు నల్లటి చుక్కలు వచ్చేవి. తర్వాత చుక్కల మధ్యనున్న వెలుతురు కూడా పోయేది. మళ్ళీ పడుకుంటే కాసేపటికి అన్నీ సర్దుకునేవి. పడుకుంటే బాగుంటుంది అని కోడలు అంటే ఏ ఇంట్లోనైనా ఒకటే అర్థం చెప్పుకుంటారు. మా అత్త ఆ అర్థం చెప్పుకోలేదు. అందుకు ఆవిడకి ఎప్పుడూ దండం పెట్టుకుంటాను.

సందుకంతటికీ ఒక్క కుళాయి. నీళ్ళు తెల్లవారుతూనే వచ్చి, ఎండ ముదరక ముందే పోయేవి. బిందెను వరసలో పెడితే సరిపోదు, మనిషి కూడా వరసలో ఉండాలి. మనిషి లేని బిందె కాళ్ళొచ్చి వెనక్కి నడిచిపోయేది. ఒక పొద్దున పాపను చంకనేసుకుని నిలబడ్డాను. అత్త ఇంట్లో పొయ్యి రాజేస్తోంది. హోరు మొదలైంది. గోడ పట్టుకుందామని చెయ్యి చాపాను. గోడ దొరికిందో లేదో నాకు తెలియదు.

తర్వాత నాకు తెలిసింది తడి నేల చల్లదనం, చుట్టూ ఆడవాళ్ళ పాదాలు. పాప ఏడుపు పైనుంచి వినిపించింది. బూబమ్మ దాన్ని గుండెకి అదుముకుని నిలబడి ఉంది. నేను ఒరుగుతున్నప్పుడే చేతిలో బిందె వదిలేసి బిడ్డను అందుకుందట.

"బచ్చీకి ఏం కాలే, పెద్దమ్మా. ఏం కాలే. ముందు కోడల్ని చూడు" అంటోంది, పరిగెత్తుకొచ్చిన మా అత్తతో.

ఆమె చేతుల కళాయి మసి పాప గౌనుకి అంటింది. ఎన్నిసార్లు ఉతికినా ఆ మరక పోలేదు. పోగొట్టాలని నేను పెద్దగా ప్రయత్నించనూ లేదు.

ఆ సాయంత్రం అత్త పాపకి నీళ్ళు పోసి, సాంబ్రాణి వేసి, పొడి గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"ఒలే, ఇను. కూకుంటే నీ బిడ్డ. లెగిస్తే నా బిడ్డ. అంతే" అంది.

ఆ మాటలో కోపం లేదు. ఆవిడ చోట నేనున్నా అదే అనేదాన్ని. ఆ రోజునుంచి అలాగే నడిచింది. పాలు, జోల, నలుగు, ఒళ్ళో ఆటలు నావి. ఎత్తుకుని తిప్పడం, కాకిని చూపించడం, గుమ్మంలో నిలబడి పోర్టు వైపు కూతేసే ఓడకి చెయ్యూపించడం ఆవిడవి. నేలమీద జరిగేవన్నీ నాకు, నేల విడిచేవన్నీ ఆవిడకి.

పిల్లలు ఇలాంటివి మనకంటే త్వరగా నేర్చుకుంటారు. పాప పాకడం మొదలుపెట్టాక, పైకి ఎక్కాలనిపిస్తే నన్ను దాటుకుని అత్త దగ్గరికి పోయేది. ఆవిడ కాళ్ళు పట్టుకుని లేచి రెండు చేతులూ పైకెత్తేది. నేను పక్కనే ఉన్నా నా వైపు చేతులెత్తేది కాదు. అమ్మ దగ్గర ఆ పని జరగదని దానికి తెలిసిపోయింది. నాకు అన్నిటికంటే అదే కావలసి వచ్చింది. జబ్బు పోవాలని దేవుణ్ణి అడిగిన గుర్తు లేదు. బిడ్డ నా వైపు చేతులెత్తాలని మాత్రం అడిగాను.

పేటలోని డాక్టరు గారు కుర్చీలో కూర్చోబెట్టి చూసి, అంతా సరిగ్గానే ఉంది, నీరసం, టానిక్ తాగమన్నారు. కూర్చుంటే సరిగ్గానే ఉండేది మరి. సందులో కొందరు మూర్ఛ అన్నారు. ఒకావిడ దిష్టి అంది. మా అత్త అందరి మాటా విని, ఎవరి మాటా తీసుకోక, ఒక ఆదివారం పొద్దున వాకిట్లో నిలబడి తూర్పుకి తిరిగి మొక్కుకుంది. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. ఆ వైపు వాళ్ళకి ఒంట్లో ఏది వచ్చినా అరసవల్లి సూర్యనారాయణుడే దిక్కు.

"సూర్నారాయణమూర్తీ, మా కోడలు నిలబడి బిడ్డనెత్తుకునేలాగ సెయ్యి బాబూ. అది ఆదోరం ఉప్పు ముట్టదు" అంది, నేను గడపలో కూర్చుని వింటుండగానే.

ఆదివారం ఉప్పు మానడం మాకు కొత్త సంగతి కాదు. సూర్యుడికి మొక్కిన వాళ్ళు ఎందరో చేసేదే. నేను సంతోషంగానే పట్టాను. మామూలు రోజుల్లో పొద్దున్నే తరవాణి అన్నం తినేవాళ్ళం. రాత్రి గంజిలో నానిన అన్నం, పులిసిన నీళ్ళు, అందులో ఇంత ఉప్పు, ఒక ఉల్లిపాయ. ఆదివారం అది లేదు. వేడినీళ్ళతో తలంటు పోసుకుని, తడిచీరతో ఎండకి ఎదురు నిలబడి, చెంబుతో నీళ్ళు వదిలి, మధ్యాహ్నం ఒక్కపూట ఉప్పు లేని పప్పు, అన్నం. ఎదురు నిలబడటం నా వల్ల అయ్యేది కాదు. అత్త వెనకనుంచి నా రెండు భుజాలూ పట్టుకుని నిలబెట్టేది. దూరం నుంచి చూసిన వాళ్ళకి ఇద్దరం కలిసి మొక్కుతున్నట్టు ఉండేది.

ఆదివారం సాయంత్రానికి తల ఎత్తలేకపోయేదాన్ని. సోమవారం గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళడం కూడా కష్టమయ్యేది. మంగళవారానికి కాస్త తేరుకునేదాన్ని. ఇది ఎన్నో వారాలు జరిగింది. మాకు కనపడుతూనే ఉంది కానీ మేము దాన్ని వేరేగా చదువుకున్నాం.

"పోయే జబ్బు ఊరికే పోతాదేటి? ఒళ్ళు కుదిపి పోతాది" అనేది అత్త. నేనూ అలాగే అనుకున్నాను. దేవుడు పని చేస్తున్నాడు కాబట్టే ఇంత గట్టిగా తెలుస్తోందని నాకు నేను చెప్పుకున్నాను. ఎండలు ముదిరాక ఇంకా క్షీణించాను. అప్పుడు అత్త శనివారం కూడా ఉప్పు మానిపిద్దామా అని ఆలోచన చేసింది. మా ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ మాట విని చొక్కా తొడుక్కుని వెళ్ళి రిక్షా తీసుకొచ్చాడు.

"ఏడకిరా?" అంది అత్త.

"పోర్టులో ఒకాయన సెప్పినాడు. పెద్ద లేడీ డాక్టరు ఉన్నారట. నువ్వూ రా అమ్మా. అడిగితే దానికి ఏటీ సెప్పడం రాదు" అన్నాడు.

ఆ డాక్టరమ్మ వయసు మళ్ళిన మనిషి. జుట్టు ముడి వేసుకుని, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడేసుకుని ఉన్నారు. నన్ను బల్లమీద పడుకోబెట్టి చేతికి బీపీ చూసే పట్టీ చుట్టారు. చూశారు. ఏమీ రాసుకోలేదు. పట్టీ తియ్యకుండానే అత్తతో పాప పళ్ళ గురించి మాట్లాడారు. తర్వాత నన్ను లేపి గోడ పక్కన నిలబెట్టారు.

"గోడకి ఆనుకోకు. మాట్లాడకు. ఊరికే నిలబడు" అన్నారు.

మళ్ళీ చూశారు. కాసేపు ఆగి మళ్ళీ చూశారు. పాదరసం ఉన్న ఆ పొడుగు పెట్టె నాకు ఎదురుగానే ఉంది. నాకు హోరు మొదలైంది. మా ఆయన ముందుకు రాబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఇంకొక్కసారి చూసి, "ఇప్పుడు పట్టుకోండి" అన్నారు.

నేను బల్లమీద పడుకుని విన్నాను.

"ఇది మూర్ఛ కాదు. నటన కూడా కాదు. పడుకుంటే బీపీ బాగానే ఉంది. నిలబడేసరికి రక్తం కాళ్ళలోకి దిగిపోతోంది, తలకి చాలట్లేదు" అన్నారు డాక్టరమ్మ.

"రత్తం కిందకి దిగిపోతాదా? మరి మాకు దిగదేటమ్మా?" అంది అత్త.

"దిగుతుంది. మన నరాలు వెంటనే బిగుసుకుని పైకి తోస్తాయి. ఈ అమ్మాయివి బద్ధకిస్తున్నాయి."

"దాని నరాలే బద్దకం. మనిషి కాదు. అది నాను ముందే సెప్పినాను" అంది అత్త, అక్కడ ఎవరూ కాదనకపోయినా.

డాక్టరమ్మ నవ్వారు. ఎప్పుడు మొదలైందని అడిగారు. నేను జ్వరం తర్వాత అన్నాను. అత్త ఆలోచించి, నడికట్టు తీసినకాడినుంచి అంది. ఆ కట్టు ఎలా కడతారో డాక్టరమ్మ చెప్పించుకుని, "మళ్ళీ కట్టండి. పొట్టలో నిలిచిపోయే రక్తాన్ని అది కాస్త పైకి నెడుతుంది. పడుకునేటప్పుడు విప్పండి" అన్నారు. మా అత్త ముఖం వెలిగింది. ఆ వెలుగు ఎంతోసేపు ఉండలేదు. ఏ రోజు ఎక్కువ పడిపోతుందని తర్వాతి ప్రశ్న వచ్చింది.

"సోమారం. ఆదోరం సాయంత్రం కాడినుంచీ" అంది అత్త.

"ఆదివారం ఏం చేస్తారు?"

అత్త మొక్కు గురించి చెప్పింది. తలంటు, ఎండ, ఒక్కపూట, ఉప్పు మానడం. చెప్తూ చెప్తూ ఉండగా ఆవిడ గొంతు తగ్గుతూ వచ్చింది. డాక్టరమ్మ కలం కింద పెట్టేశారు.

"అందరికీ ఉప్పు తగ్గించమని చెప్పే నోటితో ఈ అమ్మాయికి ఎక్కువ తినమని చెప్తున్నాను. పరీక్ష చేశాకే చెప్తున్నాను. ఈమెకి ఉప్పే మందు. ఉప్పు ఉంటేనే ఒంట్లో నీరు నిలుస్తుంది" అన్నారు.

"మొక్కు కదమ్మా."

"మొక్కు సంగతి నాకు తెలియదు పెద్దమ్మా. ఉప్పు సంగతి తెలుసు."

జబ్బు పోతుందా అని మా ఆయన అడిగాడు. జ్వరాల తర్వాత కొందరికి ఇలా ఉండిపోతుందని, పూర్తిగా పోతుందని తాను మాట ఇవ్వలేనని, జాగ్రత్తగా నడుపుకుంటే మనిషి తన పని తాను చేసుకోవచ్చని అన్నారు. బిడ్డను ఎత్తుకోవచ్చా అని నేను అడిగాను. ఆ గదిలో నేను అడిగింది అదొక్కటే.

"ఇప్పుడు వద్దు. తర్వాత చూద్దాం" అన్నారు.

రిక్షాలో తిరిగి బయల్దేరాం. పాప అత్త ఒళ్ళో నిద్రపోయింది. నాకు ఒక్కటే తోస్తోంది. ఉప్పు తింటే నిలబడగలనేమో. ఉప్పు తింటే మొక్కు తప్పుతుంది. ఆ మొక్కు బిడ్డను ఎత్తుకోవడం కోసం మొక్కినది. తప్పితే దాని దెబ్బ ఎవరికి తగులుతుంది? దేవుడు పగబట్టే వాడని నేను అనుకోను. అయినా ఇచ్చిన మాట మాటే కదా.

ఇంటికొచ్చాక మా ఆయన, "సింహాచలం ఎల్లి పంతులుగారిని అడుగుదాం అమ్మా. ఏదో దారి సెప్తారు" అన్నాడు.

"సూరీడికి మొక్కి అప్పన్ననడుగుతావేటిరా? ఈ ఇంటి తగువు పక్కింటోళ్ళని తీర్చమన్నట్టు" అంది అత్త. అంతటితో ఆ మాట ఆగింది.

ఆదివారం దాకా ఆవిడ ఆ ప్రస్తావనే తేలేదు. మిగతా రోజుల్లో తరవాణిలో నాకు ఇంకొంచెం ఉప్పు వేసింది. నడికట్టు కట్టింది, మోకాలు తన్నిపెట్టే పద్ధతి మర్చిపోలేదు. ఆదివారం పొద్దున నేను లేచి, ఏం చెయ్యాలో తెలియక మంచం మీదే కూర్చున్నాను. వాకిట్లోంచి నీళ్ళ చప్పుడు వినిపించింది. అత్త తలంటు పోసుకుని, తడిచీరతో తూర్పుకి తిరిగి నిలబడి ఉంది. చెంబులోంచి నీళ్ళు సన్నటి ధారగా వదులుతోంది. పెదవులు కదులుతున్నాయి. ఎప్పుడూ పైకే మాట్లాడే మనిషి, ఆ రోజు లోపల మాట్లాడింది.

మధ్యాహ్నం పొయ్యి మీద రెండు గిన్నెల్లో పప్పు ఉంది. ఒక గిన్నెలోది నాకు వడ్డించి, నెయ్యి వేసి, పక్కన ఆవకాయ ముక్క పెట్టింది. రెండో గిన్నెలోది తను వడ్డించుకుంది. నేను చెయ్యి పెట్టలేదు.

"తిను" అంది.

"మొక్కు, అత్తా."

"మొక్కు మొక్కినదెవులు?"

"నువ్వే."

"నోరు నాది. మాట నాది. ఉప్పు కూడా నానే మాన్తాను. సూరీడికి పొద్దున్నే సెప్పీసినాను. బాబూ, నాకు తెలవక కోడలి నోటిమీద మొక్కినాను, అది నా నోటికి మార్సుకో అన్నాను. ఆయనకి పేచీ ఉంటే నాతో పెట్టుకుంటాడు. నీకెందుకు? తిను, సల్లారిపోతాది."

నేను తిన్నాను. ఆవిడ ఉప్పు లేని పప్పు ముద్ద నోట్లో పెట్టుకుని, కాసేపు నమిలి, "గడ్డి" అంది. మళ్ళీ ఇంకో ముద్ద కలుపుకుంది.

ఆ తర్వాత ఆవిడ బతికినన్నాళ్ళూ ఆదివారాలు అలాగే గడిచాయి. క్వార్టర్‌కి వచ్చాక కూడా. చుట్టాలొచ్చి కోడికూర వండిన ఆదివారం కూడా ఆవిడ పప్పు వేరే గిన్నెలో ఉడికేది. పాత సందులో ఉండగా ఒకసారి బూబమ్మ, "ఇంక చాల్లే పెద్దమ్మా, ఎన్నాళ్ళు తింటావు చప్పిడి?" అంటే, "నువ్వు నెలంతా పగలు నీళ్ళు కూడా ముట్టవు. నాను వారానికోనాడు ఉప్పు మాననేనేటి?" అంది.  ఆ సంవత్సరం రంజాన్ ఉపవాసాల నెలలో సాయంత్రం ఖర్జూరం పళ్ళు పంపినప్పుడు బూబమ్మ, మా అత్త వాటా వేరే పొట్లం కట్టింది.

ఇంక నా నడక గురించి. డాక్టరమ్మ చెప్పినవి వినడానికి చిన్నవే. తలవైపు మంచం ఎత్తు చెయ్యాలి. ఆ రెండు ఇటుకలు కళాయి సాయిబు తన కొలిమి పక్కనుంచి తెచ్చి ఇచ్చాడు. కొన్ని రోజులు నిద్రలో జారి కాళ్ళవైపుకి వచ్చేసేదాన్ని. తర్వాత అలవాటయింది. కడుపునిండా ఒకేసారి తినకూడదు. వేడినీళ్ళు మానెయ్యాలి, పీట మీద కూర్చునే పోసుకోవాలి. దాహం వేసేదాకా ఆగకూడదు. మంచం దిగేముందు చెంబెడు నీళ్ళు తాగి, కాళ్ళు వేలాడేసి, పాదాలు ఆడిస్తూ కాసేపు కూర్చోవాలి.

కాసేపు అంటే ఎంత? మా ఇంట్లో గడియారం లేదు. నాకు తాతయ్య నేర్పిన నామాలు ఉన్నాయి. కేశవాయ నమః అని మొదలుపెట్టి, చివరి నామం అయ్యాక నిలబడేదాన్ని. తొందరలో ఎప్పుడైనా నామాలు మింగేస్తే ఒళ్ళు వెంటనే చెప్పేసేది. అంత శ్రద్ధగా నేను ఏ గుడిలోనూ నామం చెప్పలేదు. దేవుడు నన్ను తన పేరు పూర్తిగా పలకమని కూర్చోబెట్టాడనుకుంటే జబ్బు మీద పెద్దగా కోపం రాదు.

కళ్ళు చీకట్లు కమ్మబోతున్నాయని తెలియగానే, ఎక్కడున్నా సరే, వెంటనే గొంతుక్కూర్చోవాలి. దీనికి సిగ్గు వదులుకోవడానికి కొంతకాలం పట్టింది. కూరల బజారులో ఒకసారి ఉన్నపళంగా కూర్చుండిపోతే, వంకాయలమ్మే ఆవిడ బుట్ట జరిపి వెతకడం మొదలుపెట్టింది.

"ఏటి పడిపోనాదమ్మా? ముక్కుపుడకేటి?"

"ఏమీ పడలేదమ్మా. పడకూడదనే కూర్చున్నాను" అన్నాను.

ఆవిడ నన్నొకసారి చూసి, "అయితే కూకో. కూకుని బేరమాడు" అంది.

నిలబడక తప్పనప్పుడు మాత్రం కాళ్ళు ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసి, తొడలు గట్టిగా బిగించి నిలబడమన్నారు. దీన్ని ఇంట్లో గోడ పక్కన సాధన చేసేదాన్ని. మొదటిసారి చూసిన రోజున అత్త బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది.

"ఏటే అది?"

"డాక్టరమ్మ చెప్పింది అత్తా. ఇలా నిలబడితే రక్తం కిందకి దిగదట."

"కిష్టమూర్తిలాగున్నావు. పిల్లనగోయి ఒకటే తక్కువ" అంది. అప్పటినుంచి నేను ఎక్కడైనా నిలబడాల్సి వస్తే, "ఒలే, కిష్టుడూ" అని గుర్తు చేసేది. నలుగురిలోనూ అనేసేది.

ఇవన్నీ చేస్తే జబ్బు పోయిందని కాదు. వేసవిలో మళ్ళీ మంచానపడేదాన్ని. చిన్న జ్వరం వచ్చినా ఎన్నో వారాల పని వెనక్కి పోయేది. చందనోత్సవం నాడు సింహాచలం కొండమీద ఆ వరసలో నిలబడటం నాకు రాసిపెట్టి లేదని ఆ రోజుల్లోనే ఒప్పుకున్నాను. రద్దీ లేని రోజు చూసి వెళ్ళి, మండపంలో కూర్చుని వచ్చేదాన్ని. స్వామి ఏడాది పొడుగునా చందనం కింద చల్లగా ఉంటాడు. ఎండకి తట్టుకోలేని వాళ్ళ సంగతి ఆయనకి వేరే చెప్పక్కర్లేదు.

బిడ్డ సంగతి మాత్రం అత్త చేతిలోనే ఉంది. నేను పడిపోవడం తగ్గింది. ఆ తర్వాత చాలాకాలం పడలేదు కూడా. అయినా ఆవిడ ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళినప్పుడు, గోడ పక్కన నిలబెట్టి చూసి, "పిల్లని ఎత్తుకోవడం ఇక మీ ఇష్టం" అన్నారు. ఆ మాట నాతో అన్నారో అత్తతో అన్నారో తెలియలేదు. అత్త తల ఊపింది. ఇంటికొచ్చాక మళ్ళీ మామూలే. పాప అప్పటికి నడుస్తోంది. ఎత్తుకోమంటే ఆవిడ చీర కుచ్చిళ్ళే పట్టుకునేది.

చలికాలం వచ్చింది. చలిలో నాకు కాస్త బాగుండేది. ఒక పొద్దున కుళాయి దగ్గర నేనూ అత్తా ఇద్దరం ఉన్నాం. నేను బిందెకి కాపలా, అత్త మోయడానికి. పాప మా మధ్య నేలమీద నిలబడి, వరసలో ఎవరిదో గంగాళం మోగిస్తోంది. మా వంతు వచ్చింది. అత్త వంగి బిందె కుళాయి కింద పెట్టింది. అదే సమయానికి పాపకి గంగాళం మీద విసుగు పుట్టింది. ఆవిడ కుచ్చిళ్ళు పట్టుకుని లాగి, రెండు చేతులూ పైకెత్తింది.

"ఎత్తు" అంది.

అత్త బిందె వైపే చూస్తోంది. నా వైపు తిరగలేదు.

"నా సేతులు కాళీ నేవు. మీయమ్మనడుగు" అంది.

పాపకి అర్థం కాలేదు. మళ్ళీ కుచ్చిళ్ళు లాగింది. అత్త బిందె మూతి సరిచేసి, "అదిగో, అమ్మ. అడుగు" అంది.

బూబమ్మ వాళ్ళ గుమ్మంలో పళ్ళెం తోముతోంది. పళ్ళెం గోడకి ఆనించి, చేతులు కొంగుకి తుడుచుకుని, ఊరికే గుమ్మం దిగి నిలబడింది. 

పాప నా ముఖం కేసి చూసింది. కాసేపు ఆలోచించినట్టే ఉంది. తర్వాత నా వైపు చేతులెత్తింది.

నేను ముందు కూర్చున్నాను. దాన్ని దగ్గరికి తీసుకుని, నామాలు మొదలుపెట్టాను. ఈసారి ఒక్కటి కూడా మింగలేదు. అయ్యాక లేచాను.

"కిష్టుడూ" అంది అత్త, బిందె వైపే చూస్తూ.

కాళ్ళు అడ్డం వేసుకున్నాను. హోరు కొంచెం వచ్చింది, ఆగింది. పాప ఒక చెయ్యి నా మెడ చుట్టూ వేసి, రెండో చేత్తో కుళాయి మీద వాలిన కాకిని నాకు చూపించింది. కాకిని చూపించడం దానికి నాయనమ్మ నేర్పింది.

బిందె నెమ్మదిగా నిండింది. పిల్ల బరువుగా ఉంది. ఒళ్ళో ఇన్నాళ్ళూ పెంచిన పిల్ల, నిలబడి ఎత్తుకుంటే ఇంత బరువుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.